పై వరుసలో ఒక్క బత్తాయి

బూజు పట్టిన బత్తాయిని ఎప్పుడైనా చేతిలోకి తీసుకోవాల్సి వస్తే ఊపిరి బిగబట్టి తీసుకోండి. ముక్కు దగ్గరికి తెచ్చుకోవద్దు, ఊదవద్దు. ఆ ఆకుపచ్చ పొడి సన్నటి పొగలా లేచి మీ కొంగు మీద, జుట్టులో, పక్కనున్న మంచి పళ్ళ మీద వాలిపోతుంది. ఈ పనిలో కొత్తగా చేరినవాళ్ళకు నేను మొదటిరోజు చెప్పే మాట ఇది. ఉద్యోగం నుంచి దిగిపోయి ఇంట్లో కూర్చున్నాక కూడా ఫోన్ చేసి అడిగే పిల్లలకు ఇదే చెబుతున్నాను. రెండో మాట మాత్రం ఫోన్లో చెప్పేది కాదు. దానికి ఒక సీజన్ మొత్తం చెప్పాలి. అందుకే ఇది రాస్తున్నాను.

హసన్‌పర్తి దాటాక రోడ్డు పక్కన ఉన్న ఒక చిన్న ప్యాక్‌హౌస్‌లో నేను పనిచేశాను. పేరు విని పెద్దగా ఊహించుకోకండి. రేకుల షెడ్డు, పళ్ళు కడిగే తొట్టి, వాటిని ఆరబెట్టే ఫ్యాన్ల వరుస, పళ్ళు ఏరే పొడవాటి బల్లలు, వెనకాల ఒక చల్లగది. అంతే. పాలకుర్తి వైపు బత్తాయి తోటలున్న రైతులు కొందరు కలిసి పెట్టుకున్నారు. అంతకుముందు వాళ్ళు కాయ చెట్టు మీదుండగానే తోటను దళారికి అప్పజెప్పేవాళ్ళు. అతను మనుషులను తెచ్చి, కర్రలతో కొట్టించి, రాలిన కాయను కుప్పపోసి, గడ్డిలో కుక్కి లారీలో తీసుకుపోయేవాడు. దారిలో కుళ్ళిపోయే కాయకు కూడా ముందే రైతు దగ్గరే కోత పెట్టేవాడు. మన పండును మనమే మంచిగా కోసి, కడిగి, పెట్టెల్లో పెట్టి నేరుగా ఢిల్లీ పంపుకుందామని ఇల్లిల్లూ తిరిగి రైతులను ఒప్పించింది మా సార్.

సార్ అంటే మా మేనేజరు. ఆయనదీ పాలకుర్తి పక్కనే రైతు కుటుంబం. ఎరువుల కంపెనీలో మంచి ఉద్యోగం వదులుకుని ఇందులోకి వచ్చారు. పొడవాటి మనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో దువ్వెన పెట్టుకుని, షెడ్డులో పెళ్ళిపెద్దలా తిరిగేవారు. కోపం వచ్చినా ఎవరినీ మాట అనేవారు కాదు. ఆయన నోరు తెరవకుండా నిలబడితే చాలు, మాకు భయం వేసేది.

నేను జంపఖానాలు నేసే కొత్తవాడలో పుట్టి పెరిగిన మనిషిని. వృక్షశాస్త్రంలో డిగ్రీ చేసి, కొన్నేళ్ళు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి, చివరికి ఇక్కడ క్వాలిటీ చూసే పనిలో చేరాను. షెడ్డులో పళ్ళు ఏరే ఆడవాళ్ళందరూ నన్ను ఉర్దూలో అక్కా అన్నట్టు ఆపా అనేవాళ్ళు. వాళ్ళకు పెద్ద ఒక అక్క ఉండేది. పాలకుర్తి నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చిన మనిషి. ఆమె బల్ల దగ్గర ఉంటే పని దానంతటదే నడిచేది. ఆమె నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు, చేతికి మాత్రం మహా మెత్తదనం. నిద్రపోతున్న పసిపిల్లను పక్క మార్చినట్టు పట్టుకునేది బత్తాయిని.

నా ఉద్యోగంలో కాగితం మీద లేని పని ఇంకొకటి ఉండేది. ఢిల్లీలో మా పండు కొనే సేఠ్ ఫోన్ చేస్తే మాట్లాడేది నేనే. సార్‌కు హిందీ వచ్చు గానీ ఎరువుల బస్తాల వరకే. సేఠ్ అక్కడ అరిచేవాడు, నేను ఇక్కడ తెలుగులో చెప్పేదాన్ని. సార్ సమాధానం చెబితే దాన్ని ఉర్దూలోకి మార్చేదాన్ని. రెండు వైపులా మాటల మొనలు కాస్త అరగదీసి అందించేదాన్ని. "మీ సరుకు చెత్తకుండీలో పోశాను" అని సేఠ్ అంటే, "ఆయన మనసు జర ఖరాబైంది సార్" అని చెప్పేదాన్ని. సార్ అటు తిరిగి, "మనసు ఖరాబైతెనే ఇంతసేపు మాట్లాడిండా?" అని అడిగేవారు.

ఆ సీజన్లో మాటలను అరగదీసి లాభం లేకపోయింది. మొదటి లారీ ఢిల్లీ చేరగానే సేఠ్ మాటల బదులు వీడియో పంపాడు. పెట్టె మూత తీస్తే పై వరుసలో ఒక బత్తాయికి పచ్చటి గడ్డం మొలిచి ఉంది. దాని చుట్టూ ఉన్నవి మెత్తబడి, నీరు కారి, తెల్లటి దూది లాంటిది కప్పుకుని ఉన్నాయి. ఇంకో పెట్టె, అదీ అంతే. తర్వాత పెట్టె మాత్రం చెట్టు నుంచి అప్పుడే కోసినట్టు తళతళలాడుతోంది. ఆ తర్వాతది మళ్ళీ బూజు.

సార్ ఆ వీడియో మళ్ళీ మళ్ళీ చూశారు. తర్వాత షెడ్డులో తప్పు ఎవరిదనే వెతుకులాట మొదలైంది. డ్రైవరు దారిలో ఎండలో లారీ ఆపుకుని పడుకున్నాడని చల్లగది చూసుకునే భాయ్ అన్నాడు. అసలు చల్లగదే సరిగా చల్లబడటం లేదని డ్రైవరు అన్నాడు. వాన తడి ఆరకముందే కాయ కోశారని మేం రైతులను అన్నాం. తొట్టిలో నీళ్ళు మార్చడం లేదని రైతులు మమ్మల్ని అన్నారు. అందరి మాటలోనూ కొంచెం నిజం ఉన్నట్టే అనిపించింది. అందుకని అన్నీ సరిచేశాం. తడి ఆరాకే కోయమన్నాం. కింద రాలిన కాయను గేటు లోపలికి రానివ్వలేదు. తొడిమ పొడుగ్గా ఉంటే పక్క పండుకు గుచ్చుకుంటుందని, దగ్గరికి కత్తిరించే కత్తెరలు ఇచ్చాం. తొట్టి నీళ్ళు తరచుగా మార్చాం. కడిగాక వంటసోడా నీళ్ళలో ముంచి ఆరబెట్టాం. ఆ సోడా బూజుకు గిట్టదు.

రెండో లారీ వెళ్ళింది. వీడియో వచ్చింది. బూజు తగ్గింది గానీ పోలేదు. అదే తీరు, కొన్ని పెట్టెలు మచ్చలేకుండా, కొన్ని పెట్టెల్లో పై వరుస నుంచి కిందికి కుళ్ళు.

అప్పుడు నాకు డిగ్రీలో చదువుకున్నది గుర్తొచ్చింది. ఈ పచ్చ బూజు గొప్ప సోమరి. గట్టి తొక్కను చీల్చుకుని లోపలికి పోయే ఓపిక దానికి లేదు. ఎవరైనా తలుపు తీసిపెడితేనే పోతుంది. తలుపంటే గాటు. ముల్లు గీత గానీ, కత్తెర మొన గానీ, గోటి నొక్కు గానీ. కంటికి కనిపించనంత సన్నటి గాటు చాలు. ఆ గాటు ఎక్కడ పడుతోందో చూడాలంటే రంగు కావాలి. దెబ్బ తగిలిన చోట తొక్క రంగును పీల్చుకుంటుంది, మంచి తొక్క మీద అయితే కడిగితే పోతుంది.

కొత్తవాడలో రంగుకు కొదవ లేదు. మా ఇంటి వెనక ఒక చాచా జంపఖానాల నూలుకు రంగులు అద్దుతాడు. నీలం రంగు చిటికెడు కావాలని అడిగితే, ఏ నూలుకని అడిగాడు. బత్తాయిలకని చెప్పాను. ఆయన నా ముఖం చూసి, "ఇంట్ల అంతా మంచిదేనా బేటీ?" అన్నాడు. మొత్తానికి పొట్లం కట్టి ఇచ్చాడు.

తోట నుంచి వచ్చిన పళ్ళు కొన్ని, తొట్టి దాటిన పళ్ళు కొన్ని, బల్ల దాటిన పళ్ళు కొన్ని తీసుకుని విడివిడిగా ఆ రంగు నీళ్ళలో ముంచి కడిగాను. తోట పళ్ళ మీద అక్కడక్కడా ముళ్ళ గీతలు. తొట్టి దగ్గర కొత్తగా ఏమీ లేవు. బల్ల దాటిన వాటిలో రెండు మూడింటి మీద మాత్రం సన్నటి నెలవంకలు తేలాయి. నీలం నెలవంకలు. గోటి నొక్కులు.

సార్‌కు చూపించాను. ఆయన వెంటనే పని ఆపించి అందరినీ పిలిచారు. గోళ్ళ గురించి చక్కటి ఉపన్యాసం ఇచ్చారు. "గోరంత గాటు. గాడికెంచి మొదలైతది నాశనం," అంటూ కుడిచేతి చిటికెన వేలు పైకెత్తి చూపించారు. అందరూ గోళ్ళు తీసుకోవాలి, గాజులు మోచేతి పైకి ఎక్కించుకోవాలి, ఉంగరాలు ఇంట్లో పెట్టిరావాలి అన్నారు. మా బల్ల దగ్గర ఒక పిల్లకు నెల తిరక్కుండా పెళ్ళి. ఎన్నాళ్ళ నుంచో గోళ్ళు పెంచుకుని ఎర్ర రంగు వేసుకుంది. ఆ పిల్ల కళ్ళు నీళ్ళతో నిండాయి. అక్క నా వైపు తిరిగి నెమ్మదిగా అంది.

"తోట నుంచి లారీ దాక అందరు ముట్టవట్టిరి. మా చేతులే కనవడ్డయా ఆపా?"

ఆ మాట నాకు తగిలింది. వాళ్ళకంటే ముందు నా గోళ్ళే తీసుకుని చూపించాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక షెడ్డు నీడలో కూర్చుని అందరూ తీసుకున్నారు. పెళ్ళికూతురి గోళ్ళు అక్కే స్వయంగా తీసింది. మాట్లాడుతూ, కబుర్లు చెబుతూ, ఆ పిల్లను నవ్విస్తూ తీసింది. "మీ ఆయన నీ ముఖం సూస్తడా, గోర్లు సూస్తడా?" అని అడిగితే ఆ పిల్ల సిగ్గుపడి, "రెండు సూస్తడు," అంది. మళ్ళీ కాసేపు పని జరగలేదు.

మూడో లారీ వెళ్ళింది. ఈసారి నేను అదే సరుకులోంచి కొన్ని పెట్టెలు వెనక్కి తీసి, లారీలో ఎంత వేడి ఉంటుందో అంత వేడిగా ఉండే మూల గదిలో పెట్టాను. ఢిల్లీలో మూత తీసే రోజుకు ఇక్కడా మూత తీయాలని. అక్కడ ఏం జరిగిందో వీడియోలో చూడటం కాదు, చేత్తో పట్టుకుని చూడాలనుకున్నాను.

మూడో లారీలోనూ బూజుందని సేఠ్ ఫోన్ చేశాడు. ఈసారి అరవలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. వచ్చే లారీ వరకు చూస్తానని, అందులోనూ ఇలాగే ఉంటే మహారాష్ట్ర సరుకు తీసుకుంటానని మర్యాదగా చెప్పాడు. నేను ఒక్క మాట కూడా మెత్తబరచకుండా ఉన్నదున్నట్టు సార్‌కు చెప్పాను. ఆయన దువ్వెన తీసి తల దువ్వుకున్నారు, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. రైతుల్లో కొందరు అప్పటికే దళారితో మాట్లాడుతున్నారని మాకు తెలుసు. షెడ్డును మిర్చి బస్తాలు నిల్వ పెట్టుకోవడానికి ఇవ్వమని ఒకాయన వచ్చి కొలతలు కూడా చూసిపోయాడు. మిర్చి బస్తాలకు ఏరే ఆడవాళ్ళతో పని లేదు.

మూల గదిలోని పెట్టెలు తెరిచాం, నేనూ అక్కా. చాలా వాటిలో పళ్ళు బాగున్నాయి. రెండింటిలో బూజు. రెండింటిలోనూ పై వరుసలోనే, ఒక్క పండు దగ్గర మొదలై చుట్టూ పాకింది. నేను ఊపిరి బిగబట్టి ఆ మొదటి పండును తడిగుడ్డతో పట్టి తీశాను. ఇంకో పెట్టెలో అప్పుడే మెత్తబడుతున్న పండు ఒకటి దొరికింది. దానికింకా బూజు రాలేదు, మచ్చ మాత్రమే పడింది. మచ్చ నడుమ గీత. నెలవంక కాదు. తొడిమ పక్కగా సూటిగా, కలంతో గీసినట్టు, వేలి కణుపంత పొడవు గీత.

"గిది మా గోరు కాదు," అంది అక్క.

నిజమే. వాళ్ళెవరికీ అప్పుడు గోళ్ళే లేవు. ఇది ఏరేటప్పుడు పడ్డ నొక్కు కాదు, ఎవరో కావాలని గీసిన గీత. మేమిద్దరం ఆ గీతను చూస్తూ నిలబడ్డాం. బయట షెడ్డులో నాలుగో లారీ కోసం పెట్టెలు సర్దుతున్నారు. మూతలు వేయకముందు సార్ ఎప్పటిలాగే వరుస వెంట నడుస్తున్నారు. తలుపులోంచి మాకు కనిపిస్తున్నారు.

సార్‌కు ఒక అలవాటు ఉండేది. మూత వేసే ముందు వరుసలో నడుస్తూ అక్కడొక పెట్టె దగ్గర, ఇక్కడొక పెట్టె దగ్గర ఆగి, పై వరుసలోంచి ఒక బత్తాయి తీసుకుని, తొడిమ పక్కన గోటితో చిన్నగా గీసి, వాసన చూసేవారు. తొక్కలోంచి ఆ ఘాటైన వాసన రాగానే కళ్ళు మూసుకునేవారు. ముఖం వెలిగిపోయేది. "వా," అనేవారు. పండును మళ్ళీ జాగ్రత్తగా దాని గూట్లో పెట్టి ముందుకు నడిచేవారు. ఆయన చేయి పడ్డ పెట్టెకు అదృష్టమని ఆడవాళ్ళు అనుకునేవాళ్ళు. మా పెట్టె దగ్గర ఆగితే బాగుండునని ఎదురు చూసేవాళ్ళు కూడా. గీసేది కుడిచేతి చిటికెన వేలి గోటితో. ఆ గోరు ఆయన కాలేజీ రోజుల నుంచి పెంచుకున్నది. గవ్వలా తెల్లగా, నున్నగా, వేలికి మించి పొడుగ్గా ఉండేది. కాగితాల మీద వరుసలు చూపించడానికి, టేపు చివర లేపడానికి, ఉపన్యాసంలో మమ్మల్ని బెదిరించడానికి అన్నింటికీ అదే. గోళ్ళ ఉపన్యాసం రోజున మా అందరి ముందూ ఆడించిన వేలు కూడా అదే. అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు.

నేను అక్క వైపు చూశాను. అక్క నా వైపు చూసింది. ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. అక్క కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుంది. నేను బూజు పండును చేతిలో పట్టుకుని నవ్వు ఆపుకోలేక వంగిపోయాను. ఊపిరి బిగబట్టాలన్న నా నియమం ఆరోజు గాలికి పోయింది. కళ్ళు తుడుచుకునేసరికి నవ్వు పోయి భయం మిగిలింది. ఇప్పుడీ సంగతి ఆయనకు ఎవరు చెప్పాలి?

"నావల్ల కాదు ఆపా. ఆయన నాకు మేనమామ వరుసయితడు. నువ్వే చెప్పు," అని అక్క తేల్చేసింది.

నేను చాలా రకాలుగా ఆలోచించాను. చెప్పకుండా ఆయన ముట్టిన పెట్టెలను చాటుగా పక్కన పెట్టేయవచ్చు. ఈ లారీకి అది సరిపోతుంది. కానీ వచ్చే సంవత్సరం, ఆ పై సంవత్సరం? పైగా ఇన్ని రోజులూ మనసులో తప్పు మోసింది ఆ ఆడపిల్లలు. వాళ్ళ చేతులది తప్పు కాదని వాళ్ళ ముందే తేలాలి. అయితే ఆయనను నలుగురిలో చిన్నబుచ్చడం కూడా నాకు ఇష్టం లేదు. ఆ షెడ్డు నిలబడిందే ఆయన వల్ల. ఆయన ఆ పండును గీసింది నిర్లక్ష్యంతో కాదు, దాని మీది ప్రేమతో. అందుకే మాటతో చెప్పవద్దనుకున్నాను.

రంగు నీళ్ళ బకెట్ తెచ్చి వరుస చివర బల్ల మీద పెట్టాను. ఆయన ఒక పెట్టె దగ్గర ఆగారు. పండు తీసుకున్నారు. గీశారు. కళ్ళు మూసుకున్నారు. "వా," అన్నారు. తిరిగి పెట్టెలో పెట్టబోతుంటే చేయి చాచాను.

"సార్, ఆ పండు జర మీరే ఇండ్ల ముంచున్రి."

ఎందుకని అడగకుండా ముంచారు. నా పరీక్షలంటే ఆయనకు సరదా. బయటికి తీసి నీళ్ళతో కడిగారు. పసుపుపచ్చటి తొక్క మీద, తొడిమ పక్కన, ముదురు నీలం గీత సూటిగా తేలింది. నేను మూల గదిలోంచి తెచ్చిన మచ్చ పండును దాని పక్కన పెట్టాను. అదే చోట, అదే పొడవు.

ఆయన ఆ రెండు పళ్ళ వంక చాలాసేపు చూశారు. తర్వాత తన వేలి వంక చూసుకున్నారు. పళ్ళను బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, బయటికి నడిచారు. స్కూటర్ స్టార్ట్ అయిన చప్పుడు, తర్వాత అది రోడ్డెక్కిన చప్పుడు వినిపించింది.

"పొయిండు. ఇగ రాడు," అంది అక్క.

పెళ్ళికూతురు పిల్ల ఏడుపు ముఖం పెట్టింది. డ్రైవరు వచ్చి లోడు ఎత్తాలా వద్దా అని అడిగాడు. సార్ ఫోన్ ఎత్తడం లేదు. లారీ ఆగితే కోసిన పండు అక్కడే వేడెక్కుతుంది. ఆయన చేయి పడ్డ పళ్ళన్నీ ఏరి తీసేయమని చెప్పాను. ప్రతి పెట్టె పై వరుసా వెతికారు. గీతలున్న పళ్ళు గంపలో పోగయ్యాయి. వాటి బదులు మంచివి పెట్టి మూతలు వేయించాను. నిర్ణయం నాదే కాబట్టి, రేపు ఏం జరిగినా నాదే అని అందరికీ వినబడేలా చెప్పాను.

లోడు సగం ఎక్కేసరికి స్కూటర్ వచ్చింది. సార్ లోపలికి వచ్చారు. కుడిచేయి ప్యాంటు జేబులో ఉంది. మూతలు వేసిన పెట్టెలు చూశారు. గంపలో ఏరి పెట్టిన పళ్ళు చూశారు. నా దగ్గరికి వచ్చి చేయి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టారు. చిటికెన వేలు బోసిగా, తన చేతికే కొత్తగా ఉంది.

"నాతోని కాలే చెల్లె. హసన్‌పర్తిల మంగలాయన తాన తీపిచ్చుకున్న. ఆయన గూడ భయపడ్డడు, నిజంగనే తియ్యాల్నా అని రెండుసార్లు అడిగిండు," అన్నారు.

ఆయన ఆడవాళ్ళ వైపు తిరిగారు.

"మీ గోర్లు తీపిచ్చి నాది నేను దాసుకున్న. తప్పు మీ చేతులది కాదు బిడ్డా. ఇగ ఫికర్ చెయ్యకున్రి."

పెళ్ళికూతురు పిల్ల ఆ వేలి వంక తొంగి చూసి, ఉండబట్టలేక కిలకిలా నవ్వింది. అక్క దాన్ని కసరబోయి తనూ నవ్వింది. ఆ తర్వాత సార్ నవ్వారు. ఆయన అంత గట్టిగా నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను. డ్రైవరు సంగతి తెలియక తలుపు దగ్గర నిలబడి, అందరూ నవ్వుతున్నారు గదా అని తనూ నవ్వాడు. గంపలోని గీతల పళ్ళన్నీ కోసి రసం తీశాం. ఆరోజు షెడ్డులో రసం తాగని మనిషి లేడు. సార్‌కు పండు ఒలుచుకోవడం రాలేదు. ఇన్నేళ్ళూ ఆ గోటితోనే ఒలుచుకున్నారట. అక్క ఒలిచి, తొనలు ప్లేటులో పెట్టి ఆయన ముందు పెట్టింది.

ఆ అలవాటు మాత్రం ఆయనకు ఒక్కరోజులో పోలేదు. పెట్టెల దగ్గర నడిచేటప్పుడు చేయి తనంతట తానే ముందుకు పోయేది. చివరికి చేతులు వెనక్కి కట్టుకుని నడవడం నేర్చుకున్నారు. వాసన చూడకుండా పంపడం ఆయనకు ప్రాణం పోయినట్టుండేది. అది చూడలేక నేను ఒక ఏర్పాటు చేశాను. ప్రతి తోట పండులోంచి ఒకటి తీసి విడిగా ప్లేటులో పెట్టేవాళ్ళం. దాన్ని ఆయన గీయవచ్చు, కోయవచ్చు, తినవచ్చు. పెట్టెలోకి మాత్రం తిరిగి పోదు. ఆ పండును ఆడవాళ్ళు సార్ పండు అని పిలిచేవాళ్ళు. నిజం చెప్పాలంటే దానివల్ల మాకూ లాభమే అయింది. ఏ తోట పండు తీపి ఉందో, ఏది ఇంకా కోతకు రాలేదో ఆయన నాలుక చెప్పినంత ఖచ్చితంగా తీపి కొలిచే మా పరికరం చెప్పేది కాదు.

నాలుగో లారీ ఢిల్లీ దారిలో ఉన్న రోజులు చాలా పొడుగ్గా గడిచాయి. మూల గదిలో మళ్ళీ పెట్టెలు పెట్టాను గానీ, మధ్యలో మూత తీయవద్దని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. సార్ రోజూ ఆ గది ముందు నుంచి నడిచి, తలుపు వంక చూసి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయేవారు. డ్రైవరు ఫోన్ చేస్తే నాగపూర్ దాటాడా అని అందరూ ఒకేసారి అడిగేవాళ్ళు.

లారీ ఢిల్లీ పళ్ళ మండీకి చేరిందని తెలిసిన పొద్దున ఎవరూ చెప్పకుండానే అందరూ తొందరగా వచ్చేశారు. పాలకుర్తి రైతులు కూడా ఇద్దరు ముగ్గురు పళ్ళ బుట్టలతో ఆటోలో వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. మూల గది తలుపు తీశాం. అక్క మొదటి పెట్టె మూత లేపింది. అందరం మెడలు చాచి చూశాం. బూజు లేదు. రెండోది, అందులోనూ లేదు. అట్టడుగు వరుస దాకా తీసి చూసింది. ఒక్కో పండునూ తిప్పి చూసి, మళ్ళీ పెడుతూ, "మంచిగుంది, ఇది మంచిగుంది, ఇదీ మంచిగుంది," అని మెల్లగా లెక్కబెడుతున్నట్టు అంటూ పోయింది. గదిలోంచి బత్తాయి వాసన బయటికి వచ్చి షెడ్డంతా నిండింది. రైతుల్లో ఒక ముసలాయన పండు ఒకటి చేతిలోకి తీసుకుని, మా తోటదే అని గుర్తుపట్టినట్టు దాన్ని తడిమాడు.

అప్పుడు ఫోన్ మోగింది. సేఠ్. అందరూ నా చుట్టూ మూగారు. స్పీకర్ పెట్టాను.

ఆయన ముందు పొగడలేదు. అక్కడి అందరు వ్యాపారుల్లాగే లారీ ఆలస్యమైందని, పెట్టెల అట్ట పలచగా ఉందని సణిగాడు. తర్వాత పెట్టెలు తెరిచామని, ఏం మందు వేశారని తన మనుషులు అడుగుతున్నారని అన్నాడు. మందేమీ లేదని చెప్పాను. అయితే వచ్చే వారం రెండు లారీలు పంపుతారా అని అడిగాడు. రెండూ తానే తీసుకుంటానన్నాడు.

హిందీ రానివాళ్ళకు కూడా రెండు అన్న మాట అర్థమైంది. రైతుల ముఖాలు విప్పారాయి. నేను అలవాటు ప్రకారం సార్ వైపు తిరిగి తెలుగులో చెప్పబోయాను. ఆయన తల ఊపి ఆపారు.

"అర్థమైంది చెల్లె. ఏమందాం మరి?"

ఇన్నేళ్ళలో ఆయన చెప్పింది నేను మార్చి చెప్పడమే తప్ప, ఏం చెప్పాలో నన్ను అడిగింది లేదు. నేను బల్లల వైపు చూశాను. మాకున్న చేతులు ఎన్నో, అవి రోజుకు ఎంత పండును మెత్తగా పట్టుకోగలవో నాకు తెలుసు. రెండు లారీలంటే తోటలో ఉరుకులు, తొట్టి దగ్గర ఉరుకులు, బల్ల దగ్గర ఉరుకులు. ఉరుకుల్లో పండు మీద ఎన్ని గాట్లు పడతాయో కూడా తెలుసు. రైతుల ముందు ఆ మాట చెప్పడానికి కొంచెం బెరుకు పుట్టింది.

"ఒక్కటే పంపగలం సార్. రెండు మంచిగ పంపలేం," అన్నాను.

ముసలి రైతు సార్ వంక చూశాడు. సార్ ఫోన్ వైపు చూపించారు.

"నాకెందుకు చెప్తవ్? ఆయనకు చెప్పు. నువ్వే చెప్పు, నా మాటగ కాదు."

ఫోన్ దగ్గరికి వంగాను. అవతల సేఠ్ హలో హలో అంటున్నాడు. అరగదీయడానికి ఈసారి నా దగ్గర ఎవరి మాటా లేదు.

"ఏక్ హీ గాడీ, సేఠ్ సాబ్," అన్నాను. ఒక్క లారీయే.

సేఠ్ నవ్వాడు. సరేనన్నాడు. ఫోన్ పెట్టేసేసరికి అక్క అప్పటికే కొంగు నడుముకు చుట్టుకుని, గేటు దగ్గర ఆగి ఉన్న ఆటోలోంచి పళ్ళ బుట్టలు దింపించడానికి వెళ్ళిపోయింది.